ఒకరి జబ్బు, ఇంకొకరి పథ్యం

పిక్క పట్టేసింది. మిషను పెడలు మీదున్న కాలు తన్నుకుంది, చక్రం గిర్రున తిరిగింది, సూది కాస్తా చూపుడువేల్లో గోటి పక్కన దిగబడింది.

"అబ్బా!" అంది టైలరమ్మ. అంతే, ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. వేలు ఎవరు చూశారు? అందరూ మిషను వంక, నేరం చేసినదాన్ని చూసినట్టు చూశారు.

"ఇక చాలమ్మా. ఈ వయసులో నీకెందుకీ తొక్కుడు?" అన్నాడు కొడుకు. వాడు లారీల మెకానిక్కు. బండి మొరాయిస్తే ముందు అందులో ఆయిలుందో లేదో చూస్తాడు. తల్లి మొరాయిస్తే మాత్రం ఏమీ చూడకుండానే వయసైపోయిందనేశాడు.

పక్క వీధి నుంచి వచ్చి కూర్చున్న మరిది, రిటైరైన లెక్కల మాస్టారు, అంతకంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. "కుట్టు నేర్పే స్కూలుకి ఇచ్చేద్దాం వదినా. నలుగురు ఆడపిల్లలు బాగుపడతారు" అని, ఆవిడ వేలికి గుడ్డ చుట్టుకునేలోపే వాళ్ళకి ఫోను చేసేశాడు. నెలాఖరుకి వ్యాను పంపిస్తామన్నారట.

ఆ మిషను మీదే కుట్టి పిల్లలిద్దర్నీ పెంచిందావిడ. మొగుడు పోయినప్పుడు ఏడవడానికి కూడా దాని ముందే కూర్చుంది. అది వెళ్ళిపోతే తనని మంచానికీ కిటికీకీ మధ్య కూర్చోబెట్టేస్తారని ఆవిడకి బాగా తెలుసు. ఇదివరకైతే కత్తెర పుచ్చుకుని లేచేది. ఇప్పుడు వేలు పట్టుకుని కూర్చుండిపోయింది. ఉప్పూ కారం తినే ఒళ్ళయితే కదా రోషం రావడానికి! కారం సంగతి దేవుడెరుగు, ఉప్పు ఆ ఇంట్లో ఆవిడకి ఎప్పుడో బందు.

బందు చేసింది కొడుకే. ఒకరోజు వస్తూనే ఉప్పు డబ్బా తీసి పై అరలో పెట్టేశాడు, విషమేనట. ఆ తర్వాత రెండిళ్ళ అవతల కాపురముండే కూతురొచ్చి పాలు మానిపించింది. కడుపుకి పడవు, పెరుగు కూడా వద్దంది. ఆవిడకేమో పాలంటే ప్రాణం. ఇక మరిది సరేసరి. ఆకుకూరలు వద్దు, పప్పులు వద్దు, గింజలు అసలే వద్దు, నీళ్ళు మాత్రం సీసాలకి సీసాలు తాగాలి. "వదినా, గుక్క ఆపకు" అని పక్కనే నిలబడి తాగించేవాడు. ప్రేమగా చెప్తుంటే ఎవర్ని కాదంటాం? సరే నాయనా, సరే తల్లీ, సరేనయ్యా అంటూ పోయింది. వాళ్ళ ప్రేమలో మునిగి కంచం ఖాళీ అయిపోయింది, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. మెట్టెక్కితే ఆయాసం, కూర్చుంటే తూగు, దారం ఎక్కించబోతే చేతి వణుకు. ప్రతిదానికీ ఒకటే జవాబు, వయసు.

వేలు వాచి సలుపుతుంటే తప్పక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ముగ్గురూ బయల్దేరారు, పెళ్ళివారిలా. డాక్టరమ్మ వేలు కడిగి కట్టు కట్టింది. కాలు పట్టేసిందని విని, రక్తపరీక్ష చేయించి, ఆ ఫలితం చూసి భృకుటి ముడిచింది.

"సోడియం, కాల్షియం, మెగ్నీషియం అన్నీ అడుగంటాయి, పిక్కలు పట్టెయ్యవూ మరి! రోజూ ఏం తింటారమ్మా మీరు?"

టైలరమ్మ నోరు తెరిచేలోపే కొడుకు అందుకున్నాడు. "ఉప్పు ముట్టనివ్వం డాక్టరుగారూ."

"పాలు ఎప్పుడో మానిపించేశాం" అంది కూతురు, మెచ్చుకుంటారేమోనని.

"ఆకుకూరలూ పప్పులూ పూర్తిగా నిషేధం. నీళ్ళు మాత్రం కడుపు నిండా" అని ముగించాడు మరిది.

"నేనడిగింది తినేవి. మీరు చెప్తున్నవన్నీ తిననివి" అంది డాక్టరమ్మ.

ఆఖరికి టైలరమ్మే చెప్పింది. "తెల్ల రొట్టె, పాలు లేని టీ, ఉడకేసిన సొరకాయ. మళ్ళీ ఆకలేస్తే నీళ్ళు."

"ఉప్పు మానమని ఎవరు చెప్పారు?"

"మా డాక్టరే" అన్నాడు కొడుకు. "బీపీ ఉందని."

"అమ్మగారికా?"

"నాకండీ." వాడి గొంతు దిగిపోయింది.

పాలు పడనిది కూతురికి. మూత్రపిండాల్లో రాళ్ళున్నది మరిదికి. ఒక్కొక్కటే బయటికొస్తుంటే డాక్టరమ్మకి నవ్వాలో తిట్టాలో తెలీలేదు. "మరి మీ డాక్టరు మీకేం జబ్బుందన్నాడమ్మా?"

"నాకు డాక్టరెక్కడ తల్లీ? నా కోసమని ఆస్పత్రి గడప తొక్కడం ఇదే మొదలు."

డాక్టరమ్మ ముగ్గురికీ బాగా వడ్డించింది. వయసు పెరిగేకొద్దీ ఆకలి తగ్గుతుంది, తినే నాలుగు ముద్దల్లోనే అన్నీ ఉండాలి, ఉన్నవి కూడా లాగేస్తారా అంది. ఉప్పు వంటలో సరిపడా వెయ్యండి, అలాగని గుప్పెళ్ళతో పొయ్యకండి. నీళ్ళు దాహమేసినంత. పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూర రోజూ ఉండాలి. కొన్నాళ్ళు మాత్రలు వాడి మళ్ళీ పరీక్షకి రండి అంది. టైలరమ్మ అడిగింది ఒక్కటే. "మిషను తొక్కొచ్చా?"

"కాలు పట్టేయడం ఆగితే మీ ఇష్టం."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. నెల తిరక్కుండానే ఆవిడ మెట్లెక్కుతోంది, దారం ఎక్కిస్తోంది, అన్నిటికంటే ముఖ్యం, తిడుతోంది. కానీ వ్యాను సంగతి? "మాటిచ్చేశాను వదినా. ఇప్పుడు కాదంటే నా పరువేం కాను?" అని నసిగాడు మరిది. పరువట! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

నెలాఖరున వ్యానొచ్చింది. దిగిన కుట్టు స్కూలు టీచరమ్మ మిషను చుట్టూ తిరిగి, "బాగా నడుస్తుందాండీ?" అంది.

టైలరమ్మ ఆ టీచరమ్మ భుజానున్న సంచీ అందుకుంది. దాని పట్టీ ఒకవైపు ఊడి వేలాడుతోంది. స్టూలు లాక్కుని కూర్చుని, పట్టీ సూది కింద పెట్టి, పెడలు మీద పాదం ఆనించింది. కొడుకు ఆ కాలు వంకే చూస్తున్నాడు. మళ్ళీ పట్టేస్తుందేమోనని ఆవిడకీ భయమే. పట్టలేదు. కుట్టు చివరిదాకా గీత గీసినట్టు పడింది.

టీచరమ్మ పట్టీ లాగి చూసుకుంది. "ఇంత బాగా కుడుతున్నారు, ఎందుకండీ ఇచ్చేస్తున్నారు?"

కొడుకూ కూతురూ మరిది వంక తిరిగారు. మరిదే గొంతు సవరించుకున్నాడు. "అంటే... వదినకి వయసైపోయింది కదా అని..."

టైలరమ్మ దారం పుటుక్కున తెంపింది. "వయసొక్కటే నాదయ్యా! జబ్బులన్నీ మీవి."

వ్యాను ఖాళీగా వెళ్ళింది. కూతురు తేలుకుట్టిన దొంగలా లోపలికెళ్ళి, పాల గ్లాసు తెచ్చి మిషను బల్ల మీద పెట్టింది.

"అక్కడ కాదే, బట్ట మీద ఒలుకుతుంది!" అని కసిరింది టైలరమ్మ.