ఆరు వారాల మందు సీసా

నేను ఒక గోధుమరంగు గాజు సీసాను. పుట్టింది ఫ్యాక్టరీ కొలిమిలోనే అయినా, నాకంటూ ఒక పని దొరికింది కర్నూలులోని ఒక ఆస్పత్రి ల్యాబులో. అక్కడ నాలో బ్యూటిరేట్ ద్రావణం పోశారు. మనిషి పీచు తింటే పేగులోని సూక్ష్మజీవులు తయారుచేసే ఆమ్లమే అది. పెద్దపేగు లోపలి పొరకు అదే ఆహారం. వాసన మాత్రం చెడిపోయిన వెన్నది.

డాక్టర్ విఠల్‌రావు నన్ను బసవమ్మ చేతికిచ్చాడు. ఆమె ఆదోని బస్సులో కండక్టరు. పెద్దపేగు పుండ్లుపడి నాలుగేళ్లుగా రక్తం పోతోంది. డ్యూటీ ఉన్న రోజు అన్నం ముట్టేది కాదు, నీళ్లు తాగేది కాదు. దారిలో బస్సు ఆపమని డ్రైవరును అడగాల్సి వస్తుందని భయం.

"ఇది పరీక్షమ్మా. కొందరి సీసాల్లో మందు, కొందరి సీసాల్లో ఉప్పునీళ్లు. ఎవరికేదో నాకూ తెలియదు" అన్నాడు డాక్టరు.

రోజూ ఆమె నాలోని మందును గొట్టంతో కిందినుంచి పెద్దపేగులోకి ఎక్కించుకునేది. ఖాళీ అయితే ల్యాబువాళ్లు మళ్లీ నింపేవాళ్లు. మూడోవారానికి రక్తం ఆగింది. ఐదోవారం ఎమ్మిగనూరు బస్టాండులో ప్లేటు నిండా ఉగ్గాని తిని, దారిలో ఎక్కడా బస్సు ఆపించకుండా ఆదోని దాకా టికెట్లు కొట్టింది. ఇంటికొచ్చి ఆ మాట మొగుడు వీరేశానికి మూడుసార్లు చెప్పింది.

ఆరువారాలకు పరీక్ష ముగిసింది. కొన్నాళ్లకు డాక్టరు పిలిచి చెప్పాడు.

"నీ సీసాలో ఉన్నది మందేనమ్మా. కానీ ఉప్పునీళ్లు వాడినవాళ్లూ దాదాపు అంతమందే తేరుకున్నారు. ఇక ఇవ్వడానికి అనుమతి లేదు."

"నాకు బాగైంది కదా సార్! మిగతావాళ్లతో నాకేం పని? ఇంకొక్కసారి పోసియ్యండి."

"నా చేతుల్లో లేదమ్మా."

ఆమె నన్ను ఖాళీగానే ఇంటికి తెచ్చుకుంది. పాత మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. నాలుగు నెలలకు రక్తమూ వచ్చింది. ఒకరోజు నిండు బస్సులో ఆమె ఆపుకోలేకపోయింది. ముందు సీట్లవాళ్లు ముక్కు మూసుకున్నారు. వెనకెవరో నవ్వారు. ఆమె టికెట్ల మిషను డ్రైవరు ఒళ్లో పెట్టి, తుమ్మచెట్ల దగ్గర దిగిపోయింది. మళ్లీ డ్యూటీకి వెళ్లలేదు.

చివరికి పెద్దపేగు తీసేశారు. మలం పడడానికి పొట్టకు సంచీ తగిలించారు. ఆమె అడిగితే వీరేశం నన్ను వార్డుకు తెచ్చాడు. విఠల్‌రావు రౌండ్స్‌కు వచ్చినప్పుడు నన్ను ఎత్తి చూపించింది.

"ఇప్పుడన్నా చెప్పండి సార్. ఇది నాకు పనిచేసిందా, లేదా?"

"వందమంది సంగతైతే చెప్పగలనమ్మా. నీ ఒక్కదాని సంగతి ఎలా చెప్పను?"

నిజమే చెప్పాడాయన. అబద్ధం చెప్పినా ఆమెకు అంత నొప్పి కలిగేది కాదేమో. బసవమ్మ నన్ను మంచం కిందికి వదిలేసి గోడవైపు తిరిగింది. ఊడ్చే ఆమె నన్ను పట్టుకెళ్లి పగిలిన గాజుపెంకుల డబ్బాలో వేసింది.

నేను నయం చేశానో లేదో నాకూ తెలియదు. రక్తం ఆగాక ఆ చివరి మూడు వారాలు ఆమె కడుపునిండా తిన్నది. దాన్ని ఏ కాగితం మీదా ఎవరూ రాసుకోలేదు.