ఎత్తుకోళ్ల మంచం మీద అత్తగారు

వీధిలో అందరూ ఆమెని భయాలమ్మ అంటారు. ఆకాశంలో అరచేతంత మబ్బు కనిపిస్తే చాలు, బియ్యం డబ్బా అటకెక్కించేస్తుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు.

ఆమె అసలు భయం అత్తగారి గురించి. ఆవిడకి నడుం కింద సత్తువ లేదు. కాలవ పక్క ఇల్లు, ఏటా గడప దాటి వచ్చే నీళ్లు. అందుకే మామగారు బతికున్నప్పుడు నడుమెత్తు కోళ్లతో మంచం చేయించారు. నీళ్లు కింద, ఆవిడ పైన, దర్జాగా.

ఆ మంచం మీద మ్యూజియం వాళ్ల కన్ను పడింది. మారుతున్న వాతావరణాన్ని ఎలా తట్టుకోవాలో జనానికి నేర్పాలని వాళ్లకి బుద్ధి పుట్టింది మరి.

"ఇది మంచం కాదమ్మా, మీ పెద్దల విజ్ఞానం" అన్నారు డైరెక్టరు గారు.

ఇన్నాళ్లూ విజ్ఞానం మీద దుప్పటి పరిచామా అని ఆమె నోరెళ్లబెట్టేలోపే, ఆ మ్యూజియంలోనే టికెట్లిచ్చే కూతురు "ఇచ్చెయ్యవే అమ్మా, నా పరువు తియ్యకు" అంది. విజ్ఞానం మ్యూజియం మేడెక్కింది. అత్తగారు నేలమీది పరుపుకి దిగింది.

వానలు పట్టుకున్నాయి. ఆమె మ్యూజియానికి పరిగెత్తింది.

"సార్, మా మంచం ఇచ్చెయ్యండి. వరద తీశాక మళ్లీ మేమే మోసుకొస్తాం."

"ప్రదర్శన మధ్యలో కదల్చకూడదమ్మా. అయినా వరదొస్తుందని ఎవరన్నారు?"

"మీరే సార్. గుమ్మంలో 'ఇకమీదట వరదలు ఎక్కువ' అని అంత బోర్డు పెట్టారుగా!"

ఆయన నవ్వేసి లోపలికెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నానికి నీళ్లు గడప తాకాయి. చుట్టూ అన్నీ రేకుల ఇళ్లే, మేడంటే ఆ మ్యూజియం ఒక్కటే. ఆమె వీధిలోని ఇస్త్రీ అతని బండి మీద అత్తగారిని పడుకోబెట్టి తోసుకెళ్లింది. మెట్లు అతనే వీపు మీద ఎక్కించాడు.

"అమ్మా! ఆ మంచం ముట్టుకోకూడదే! నా ఉద్యోగం పోతుంది!"

"పోతే ఇంకోటి వస్తుంది. నాన్నమ్మ పోతే?"

"నేనింకా ఇక్కడే ఉన్నానే" అంది అత్తగారు. "నా మంచానికి చుట్టూ తాడు కట్టారేం? పారిపోతుందనా?"

ఆవిడ అలా నడుం వాల్చిందో లేదో, విరాళాలిచ్చే పెద్దల్ని వెంటబెట్టుకుని డైరెక్టరు గారు వచ్చారు.

"అద్భుతం!" అన్నాడు ఒకాయన. "ముసలమ్మ ఎంత సహజంగా నటిస్తోందో!"

"నటనేంటి నాయనా, కాళ్లు రావు. కాసిని మంచినీళ్లిప్పించు, కిందున్నవి కాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరు గారు ఆమె చెవి దగ్గరికొచ్చి, "ఐదింటికి మూసేస్తాం. ఈలోపు దించెయ్యండి" అన్నారు, ముఖాన నవ్వు చెదరకుండా.

ఆమె కిటికీలోంచి చూసింది. కింద వీధిలో బక్కెట్లు తేలుతున్నాయి. కొంగు నోటికడ్డం పెట్టుకుని, పెద్దలందరికీ వినబడేలా అనేసింది.

"నీళ్లు తీసేదాకా వీధి వీధంతా ఇక్కడే ఉండమన్నారండీ సారు. ఎంత దొడ్డ మనసో!"

మళ్లీ చప్పట్లు. డైరెక్టరు గారు అటూ ఇటూ చూసి, "అవును... అదే మా ఆశయం" అన్నారు. ఆయన మాట పూర్తికాకముందే కూతురు కిందికి పరిగెత్తి, గేటు బార్లా తెరిచి, వీధినంతా పేరుపేరునా పిలిచింది.

పెద్దల్ని సాగనంపడానికి వెళ్లిన డైరెక్టరు గారు కాసేపటికి చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్లదాకా తడిసి వెనక్కొచ్చారు. ఆయన కారు ప్రహరీ గోడని ఆనుకుని తేలుతోందట. మేడ మీద కాలు పెట్టే చోటు లేదు.

"రా నాయనా, ఇలా కూర్చో" అంది అత్తగారు, పక్కన చోటు చూపించి.

"నెమ్మదిగా సార్, ఆ అంచునే కూర్చోండి" అంది ఆమె, కోళ్లకేసి భయంగా చూస్తూ. "విరిగిందంటే మాకు ఇంకో మంచం లేదు."