అత్తగారి చక్రం వెంట

పెళ్లయిన మొదటి ఏడాది ఆ ఇంట్లో కోడలికి అత్తగారితో మాట్లాడటానికి విషయమే దొరికేది కాదు. గొడవలేమీ లేవు. ఇద్దరూ మంచివాళ్లే. అదే చిక్కయింది. గొడవైనా ఉంటే నాలుగు మాటలు నడిచేవి.

అత్తగారిది కళ్లద్దాల దుకాణం. పొద్దస్తమానం మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదివించేది. కోడలు ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలకు రక్తం తీసేది. ఆమె పని కూడా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, కదలకండి అని చెప్పడమే. రోజంతా పరాయివాళ్లకు ధైర్యం చెప్పి చెప్పి ఇంటికొచ్చాక ఇద్దరికీ నోరు మెదపబుద్ధయ్యేది కాదు. భోజనాల దగ్గర మామగారు ఒక్కడే మాట్లాడేవాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, కబుర్లకు కొదవ లేదు. అబ్బాయి ప్రెస్సులో పని చేసి అలిసిపోయి వచ్చి, తండ్రి చెప్పేది వింటూ తలూపేవాడు.

ఆదివారం తెల్లవారకముందే అత్తగారు మాయమయ్యేది. వరండాలో గోడకు తగిలించి ఉండే సన్న టైర్ల సైకిలూ మాయమయ్యేది. మధ్యాహ్నానికి ఎండకు కందిన మొహంతో తిరిగొచ్చి, స్నానం చేసి, మళ్లీ మామూలు మనిషైపోయేది. పదిహేనేళ్లుగా ఆవిడ ఆడవాళ్ల సైకిల్ జట్టులో ఉందని కోడలికి తెలుసు. అంతకుమించి తెలియదు.

ఒకరోజు మామగారు పళ్లెం ముందు కూర్చుని, ఎటో చూస్తూ అన్నాడు. "అమ్మాయీ, జట్టులో ఒకామె ఊరు మారిపోయిందట. నువ్వు కాలేజీకి సైకిల్ మీదే వెళ్లేదానివి కదా, వస్తావేమో అడగమంది."

"ఎవరు?"

"ఇంకెవరు, మీ అత్తగారు."

అత్తగారు ఎదురుగానే కూర్చుని అన్నం కలుపుకుంటోంది. తలెత్తలేదు.

"వస్తానని చెప్పండి," అంది కోడలు మామగారితోనే.

జట్టులో నలుగురు. మిగతా ఇద్దరిలో ఒకామె బడిలో లెక్కల టీచరు, ఆఖరి మలుపు తర్వాత ఆమె వేగం అందుకోవడం కష్టం. రెండో ఆమెకు బేకరీ ఉంది, జెర్సీలు ఆమె కుట్టించినవే, వాటి వీపు మీద రొట్టె బొమ్మ ఉంటుంది. అత్తగారు కెప్టెన్.

మొదటి ఆదివారం కోడలికి ఆశ్చర్యం పట్టనలవి కాలేదు. ఇంట్లో ముక్తసరిగా ఉండే మనిషి రోడ్డెక్కగానే గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. "మోచేతులు వదులు చెయ్యి. తలుపు నెడుతున్నావా, సైకిల్ తొక్కుతున్నావా? నా చక్రం వంక చూడకు, నడుం వంక చూడు. చక్రానికే కళ్లప్పగిస్తే ముందేం జరుగుతోందో నీకు తెలియదు. దగ్గరికి రా. ఇంకా దగ్గరికి. ముందున్నవాళ్లు గాలిని కోస్తారు, వెనకున్నవాళ్లు హాయిగా వస్తారు. ఆ హాయి వదులుకుని అంత దూరంలో ఎందుకు కష్టపడతావు?"

"అత్తయ్యా, తగులుతుందేమోనని..."

"రోడ్డు మీద నేను అత్తయ్యను కాను. కెప్టెన్‌ని. అత్తయ్యా అంటే పలకను."

కోడలు కాస్త దగ్గరికి జరిగి, "సరే కెప్టెన్ గారూ," అంది. బేకరీ ఆమెకు నవ్వు ఆగక హ్యాండిల్ వంకర పోయింది.

అలా నెలలు గడిచాయి. సైకిల్ మీద ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కాబట్టేమో, అత్తగారు ఎన్నో చెప్పేది. దుకాణం పెట్టిన కొత్తలో ఎవరూ రాకపోతే తన కళ్లనే తను పదేపదే పరీక్షించుకున్న సంగతి చెప్పింది. అబ్బాయి పుట్టాక చాలాకాలం ఎందుకో తెలియకుండా ఏడుపొచ్చేదని, ఒకనాడు పక్కింటివాళ్ల సైకిల్ అడిగి తీసుకుని ఊరి చివరిదాకా పోయి వస్తే మనసు తేలికపడిందని చెప్పింది. అవన్నీ ఇంట్లో ఎన్నడూ రాని మాటలు. కోడలు క్లినిక్‌లో సూదికి భయపడి కళ్లు తిరిగి పడిపోయిన పోలీసు గురించి చెబితే, అత్తగారు నవ్వు ఆపుకోలేక రోడ్డు పక్కన దిగి నిలబడింది.

వసంతంలో మొదటి పందెం వచ్చింది. కోడలి పని తేలికైనదే. చివరి ఎత్తు వరకూ టీచర్‌కు ముందుండి గాలి తగలకుండా కాయాలి. ఎత్తు దగ్గర పక్కకు తప్పుకుంటే ఆపైన టీచర్ చూసుకుంటుంది. సగం దూరం బాగానే నడిచింది. అప్పుడు వెనకనుంచి "పంక్చర్" అన్న కేక వినిపించింది. అత్తగారి గొంతు.

కోడలు వెనక్కి చూసింది. ఆవిడ రోడ్డు వారకు దిగి చక్రం విప్పుతోంది. విడి చక్రాలతో వెంట వస్తున్న మామగారి కారు ఎక్కడో వెనక ఉంది. కోడలు మరేమీ ఆలోచించలేదు. బ్రేకు పట్టింది.

"ఎవరాగమన్నారు నిన్ను?" అంది అత్తగారు, ఆమె దగ్గరికి రాగానే.

"మీరొక్కరే..."

"వెళ్లు."

అప్పటికే గుంపు మలుపు తిరిగి కనుమరుగైంది. కొత్త చక్రం వచ్చాక ఇద్దరూ కలిసి ఖాళీ రోడ్డు మీద మిగతా దూరమంతా తొక్కారు. గాలికి అడ్డం ఎవరూ లేక టీచర్ ఎత్తు రాకముందే అలిసిపోయి ఎక్కడో వెనకపడింది. "పర్లేదులే," అంది టీచర్, పర్లేదని అనిపించని గొంతుతో.

ఇంటికి వస్తుంటే కారులో ఎవరూ మాట్లాడలేదు. ఇంట్లోనూ అంతే. అత్తగారు ఆ మాట ఎత్తింది మళ్లీ సైకిల్ మీదే, ఇద్దరే సాధనకు వెళ్లినప్పుడు.

"ఎందుకాగావు?"

"మిమ్మల్ని రోడ్డు మీద వదిలేసి ఎలా వెళ్లను?"

"అక్కడ ఆగింది బేకరీ ఆవిడైతే ఆగేదానివా?"

కోడలు నిజమే చెప్పింది. "లేదు."

"అదే చెబుతున్నాను. నువ్వు ఆగింది జట్టు కోసం కాదు. నన్ను చూసి భయపడ్డావా, జాలిపడ్డావా?"

"రెండూ కాదు. మర్యాద కాదేమోననిపించింది."

"మర్యాద ఇంట్లో చూపిస్తున్నావుగా. నేను గిన్నె ముట్టుకుంటే చాలు, చేతిలోంచి లాక్కుంటావు. అక్కడ సరిపోతుంది." కాస్త దూరం పోయాక గొంతు తగ్గించి అంది. "ఆ రోజు మనందరం టీచర్ కోసం తొక్కుతున్నాం. ఇంకోరోజు నీ కోసం తొక్కుతాం. రోడ్డు మీద ఎవరిని వదిలెయ్యాలో ముందే తెలిసి ఉండాలి."

ఎండాకాలంలో కోడలి కాళ్లకు బలం వచ్చింది. అది ముందుగా ఆమెకే తెలిసింది. పాత వంతెన ఎక్కేటప్పుడు ఒకసారి వెనక్కి చూస్తే అత్తగారు చాలా దూరంలో ఉంది. కోడలికి ఏదో తప్పు చేసినట్టనిపించింది. అప్పట్నుంచి ఎత్తు వస్తే చాలు, సీసా తీసి నీళ్లు తాగుతూ నెమ్మదించేది. రెండు మూడు వారాలు చూసి అత్తగారు, "ఎక్కడ లేని దాహమూ నీకు ఎత్తుల దగ్గరే వేస్తుందా?" అంది. కోడలు సీసా దాని చోట పెట్టేసింది.

ఆ రాత్రి వరండాలో సైకిళ్లు తుడుస్తూ మామగారిని అడిగింది. "అత్తయ్య నొచ్చుకున్నారంటారా?"

"ఏమో. ఆవిడ మనసులో మాట తెలుసుకోవాలంటే సైకిల్ మీద ఉండాలి. నాకు బస్సే వచ్చు," అన్నాడు ఆయన. ఆ తర్వాత గుడ్డ పిండుతూ, "ముసలితనం వస్తోందని ఆవిడకు తెలుసు. తెలిసిన సంగతిని నువ్వు దాచిపెడితే ఆవిడకు ఒళ్లు మండుతుంది," అన్నాడు.

ఏడాదిలో చివరి పందెం చలి మొదలయ్యాక వచ్చింది. దారంతా చదునే గాని, మధ్యలో కాలువ గట్టు మీద పొడుగాటి రోడ్డు ఉంది. చెట్టూ చేమా లేదు. గాలి పక్కనుంచి కొడుతుంది. అలాంటిచోట ముందున్నవాళ్ల వెనక దాక్కున్నా పూర్తి ఆసరా దొరకదు. ఎవరైనా ముందు చేరి వేగం పెంచితే గుంపు తెగి ముక్కలవుతుంది. మొదటి ముక్కలో ఉన్నవాళ్లదే పందెం.

పొద్దున్నే కారు బానెట్ మీద దారి పటం పరిచి అత్తగారు చెప్పింది. "గట్టెక్కగానే ముందుకు నువ్వెళ్లు. నీ వెనక నేను, నా వెనక టీచర్. గుంపు తెగేదాకా తొక్కు. నేను చాలు అనేదాకా తగ్గించకు."

కోడలు పటం వంకే చూస్తూ అడిగింది. "తెగేటప్పుడు మీరు?"

"ఉండగలిగినంత సేపు ఉంటాను."

బేకరీ ఆమె ఏదో జోకు వెయ్యబోయి మానేసింది.

గట్టు ఎక్కేసరికి సూర్యుడు ఇంకా కిందే ఉన్నాడు, సరిగ్గా వీపు వెనక. గాలి ఎడమనుంచి దెబ్బ కొట్టినట్టు వచ్చింది. కోడలు ముందుకు పోయి తల వంచి తొక్కడం మొదలుపెట్టింది. వెనకున్న అత్తగారి నీడ ఆమె ముందు చక్రం పక్కనే రోడ్డు మీద సాగుతోంది. హెల్మెట్, భుజాలు, కొద్దిగా పక్కకు వాలే తల.

"ఇంకొంచెం," అంది అత్తగారు.

కోడలు పెంచింది. తొడల్లో మంట మొదలైంది. వెనకెక్కడో ఎవరో తిట్టుకోవడం, గేర్లు మారుతున్న చప్పుడు వినిపించాయి.

"ఇంకొంచెం."

ఈసారి ఆ మాట రెండుగా విరిగింది, మధ్యలో ఊపిరి పడింది. కోడలికి అర్థమైంది. ఈ వేగానికి ముందుగా తెగిపోయేది అత్తగారే. పెంచమంటున్నదీ ఆవిడే. కాస్త తగ్గిస్తే ఆవిడ నిలబడుతుంది, ఆవిడతోపాటు వెనక గుంపు మొత్తం నిలబడుతుంది. ఈ ఏడాది సాధనంతా గట్టు మీద గాలికి పోతుంది. కోడలు గేరు మార్చింది. చాలు అన్న మాట కోసం చెవి పెట్టి తొక్కింది. ఆ మాట రాలేదు.

రోడ్డు మీది నీడ కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. చక్రం ఇరుసు దగ్గరికి వచ్చింది, పెడల్ దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత కనిపించలేదు. కాసేపటికి ఆ చోటికి ఇంకో నీడ వచ్చింది. అది సన్నగా ఉంది, పొడుగ్గా ఉంది. టీచర్‌ది.

కోడలు వెనక్కి చూడలేదు. గాలికో మరి దేనికో కళ్లల్లో నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు.

గట్టు దిగేసరికి ముందున్న గుంపులో పదిమంది లోపే మిగిలారు. ఊళ్లోకి వచ్చాక కోడలు టీచర్‌ను ఆఖరి మలుపు దాకా తెచ్చి పక్కకు తప్పుకుంది. టీచర్ రెండో స్థానంలో వచ్చింది, చక్రమంత తేడాతో. జట్టుకు అంతకుముందెన్నడూ అంత మంచి ఫలితం రాలేదు.

అత్తగారు బాగా ఆలస్యంగా, ముక్కూ మొహం తెలియనివాళ్లతో కలిసి వచ్చింది. దిగి, "ఎన్నో స్థానం?" అంది.

"రెండోది," అంది టీచర్.

ఆవిడ టీచర్ భుజం తట్టింది. "బాగుంది," అంది. కోడలి వైపు కూడా చూసి తలూపింది. తర్వాత వెళ్లి కారులో కూర్చుని తలుపు వేసుకుంది. హెల్మెట్ కూడా తియ్యలేదు.

కోడలు కారు దగ్గరికి పోబోతే మామగారు తువ్వాలు మడత పెడుతూ, "ఉండనీ కాసేపు," అన్నాడు. కోడలు ఉండలేకపోయింది. రెండో వైపు తలుపు తీసి పక్కన కూర్చుంది.

ఇద్దరూ అద్దంలోంచి ముందుకే చూస్తున్నారు. వీధిలో ఎవరో సీసాలు పోగు చేస్తున్నారు.

"నేను తెగిపోయానని నీకు తెలిసిందా?" అంది అత్తగారు.

"తెలిసింది."

"వెనక్కి చూశావా?"

"లేదు. మీ నీడ పోయింది."

అత్తగారు హెల్మెట్ పట్టీ విప్పి ఒళ్లో పెట్టుకుంది. "చాలు అందామని నోటిదాకా వచ్చింది. అంటే నువ్వు తగ్గిస్తావు. అందుకని అనలేదు."

కోడలు తన హెల్మెట్ కూడా తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు ఆగి ఉంటే ఊరుకునేదాన్ని కాదు. ఆగనందుకు కూడా కోపంగానే ఉంది," అంది అత్తగారు. "న్యాయం కాదు. తెలుసు. కాసేపుంటే పోతుంది."

"పోయేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"కూర్చో."

కూర్చున్నారు. బయట మామగారు సైకిళ్లు కారు పైకి ఎక్కించి తాళ్లు బిగిస్తుంటే కారు అటూ ఇటూ ఊగింది.

"ఆ తాడు అలా కాదు కట్టేది," అంటూ అత్తగారు తలుపు తీసుకుని దిగింది.

ఆ చలికాలం బేకరీ వెనక గదిలో పిండి బస్తాల మధ్య కూర్చుని నలుగురూ మాట్లాడుకున్నారు. అత్తగారు తనంతట తనే కెప్టెన్ పని టీచర్‌కు అప్పగించింది. తను వచ్చే ఏడాది యాభై దాటినవాళ్ల పందేల్లో తొక్కుతానంది. టీచర్ బతిమాలింది. బేకరీ ఆమె కళ్లు ఒత్తుకుంది. కోడలు మాత్రం ఉండమని అడగలేదు. అడక్కపోవడం అత్తగారు గమనించిందని ఆమెకు తెలిసింది.

యాభై దాటినవాళ్ల మొదటి పందేనికి కోడలు దారి పక్కన నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది. నెరిసిన జడలు హెల్మెట్ల కింద ఊగుతుండగా గుంపు వచ్చింది. అందరికంటే ముందు అత్తగారు. ఎవరినో గదమాయిస్తోంది, చక్రం వంకరగా పోతోందని. కోడలు సీసా చాచింది. అత్తగారి వేళ్లకు తగిలి అది జారి రోడ్డు మీద పడి దొర్లింది.

"మూత దగ్గర పట్టుకోవాలమ్మా," అన్న మాట మాత్రం వెనక్కి వచ్చింది. మనిషి అప్పటికే మలుపు తిరిగింది.

కోడలు వంగి సీసా తీసుకుని దుమ్ము దులిపింది. గుంపు మళ్లీ ఒక చుట్టు తిరిగి వచ్చేలోగా మూత దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, చెయ్యి చాచి, రోడ్డు అంచున అటూ ఇటూ నడుస్తూ అలవాటు చేసుకోసాగింది.