రెండువందల యాభయ్యో గంట

ఔషధ సామ్రాజ్యంలో అడుగుపెట్టగోరేవారికి డిప్లొమా ఒక్కటే చాలదు. మందుల షాపులో ఐదువందల గంటల శిక్షణ పొందాలి; అందులో సగమైనా డాక్టరు చీటీ చదివి మందులిస్తూ గడపాలి. ఆపై రిజిస్టర్డ్ ఫార్మసిస్టు సంతకం, ఆపై ఫార్మసీ కౌన్సిల్ వారి కటాక్షం.

తాడేపల్లిగూడెంలో డిప్లొమా ముగించిన హెప్సిబా సొంతూరు గుండుగొలనులోనే, భీమశంకరం గారి షాపులో శిక్షణకు చేరింది. తన రిజిస్ట్రేషన్ పత్రాన్ని దేవుడి పటాలకన్నా జానెడు ఎత్తున తగిలించుకున్న మహానుభావుడాయన.

"చీటీ గంటలంటే చీటీ చూసిన గంటలేనమ్మా. ఇంకోటి రాయను" అన్నారు మొదటిరోజే.

చిక్కంతా అక్కడే వచ్చింది. గుండుగొలను ప్రజలు చీటీలు తేరు; మింగేసిన మాత్రల రేకు ముక్క తెస్తారు. రేకు పారేసుకున్నవారు "గులాబీరంగుదండి, గుండ్రంగా ఉంటాది" అని వర్ణిస్తారు. రెండు నెలలకు చీటీ గంటలు నూటపది. మూడో నెలాఖరుకు సంతకం పడకపోతే ఏలూరు ఆసుపత్రిలో మాటిచ్చిన ఉద్యోగం ఇంకొకరిది.

తల్లి సువార్తమ్మ చర్చిలో స్త్రీల కూడిక ముందు నిలబడింది. "మా పిల్ల లైసెన్సు మీ చేతుల్లో ఉందమ్మా. రేకులు మానేసి చీటీలు రాయించుకోండి."

మర్నాటి నుంచి ఊరి మోకాళ్లూ నడుములూ ప్రభుత్వాసుపత్రికి దండయాత్ర సాగించాయి. ఏళ్లనాటి నొప్పులకు హఠాత్తుగా గౌరవం దక్కింది. గంటలు పెరిగి పెరిగి, ఆఖరిరోజు మధ్యాహ్నానికి రెండువందల నలభైతొమ్మిది దగ్గర ఆగాయి. బయట కుండపోత వాన. నరపురుగైనా రాలేదు.

నాలుగింటికి కొల్లేరు అంచున చేపల చెరువులున్న నాగేశ్వరరావు తడిసిన గొడుగు ముడుస్తూ వచ్చాడు.

"చీటీ తెచ్చానమ్మాయ్, చూసుకో!"

హెప్సిబా చదివింది. మనుషులు వాడే యాంటీబయోటిక్, యాభై షీట్లు. రోగి పేరు: మూడో చెరువు.

"ఎవరు రాశారండి, బాబాయ్ గారూ?"

"మేత అమ్మే ఆయన."

మందిస్తే గంట నిండుతుంది. ఆమె ఒక్క క్షణం గోడమీది పత్రం వంక చూసి, చీటీ మడిచి తిరిగిచ్చింది.

"ఇది నేనివ్వకూడదండి. ఆ చేపల్ని రేపు తినేది మనమే కదండీ. ఫిషరీస్ ఆఫీసులో చూపించండి."

"చీటీ తెమ్మని ఊరంతా చాటించి, తెస్తే వంక పెడతావేంటే!"

వాదన మొదలైంది. చేపల రోగలక్షణాలు, నీటి రంగు, మేత ఆయన విద్యార్హతలు అన్నీ విచారణకు వచ్చాయి. చివరికి నాగేశ్వరరావు మెత్తబడి, ఆఫీసు ఎక్కడో అడిగాడు.

భీమశంకరం గారు గడియారం చూసి కలం తీశారు.

"చీటీ చదివావు, తప్పు పట్టావు, ఇవ్వకూడనిది ఇవ్వలేదు. సరిగ్గా గంట పట్టింది" అని సంతకం చేశారు.

నాగేశ్వరరావు గొడుగు విప్పుతూ సగర్వంగా అన్నాడు:

"ఆ లైసెన్సులో మా మూడో చెరువుకీ వాటా ఉందండోయ్!"