సగంలో లేచిపోయిన తల

మా సెలూన్ ఎంత చిన్నదంటే, ఒక కుర్చీలో మనిషి ఆవులిస్తే రెండో కుర్చీలో మనిషి నోరు మూసుకోవాలి. ఉన్నవి రెండే కుర్చీలు. మొదటిది నాది, రెండోది మా బామ్మర్దిది. ఇరవై రెండేళ్లు పక్కపక్కన నిలబడి ఈ వీధి తలలన్నీ పంచుకున్నాం. నా కత్తెర చప్పుడు విని పక్క కొట్టు గోడగడియారం టైం సరిచేసుకునేదంటే నమ్మండి. నమ్మకపోతే ఆ గడియారాన్నే అడగండి.

మా ఆవిడ పోయి ఐదేళ్లయింది. ఇంట్లో నేనూ, ఆమె తమ్ముడూ, ఒక ఫ్యానూ మిగిలాం. వాడికి తలమీద రెండు సుడులు. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లంటారు కదా, వాడికి ఒక్కటీ కాలేదు. అడిగితే "రెండూ ఒకే ముహూర్తానికి కుదరాలని చూస్తున్నా బావా" అనేవాడు. ఎడమ చెవి వెనక చిన్న గాటు ఉంటుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో పెట్టిన గాటు. నా సంతకం అనుకోండి. నాకు వచ్చిన సంతకం అదొక్కటే.

మా ఇద్దరికీ ఒక అలవాటుండేది. నెలకోసారి, సెలవుకి ముందురోజు సాయంత్రం షట్టరు సగం దించి, ఒకరి తల ఒకరం చేసుకునేవాళ్లం. ముందు వాడు కూర్చునేవాడు, తర్వాత నేను. ఇరవై రెండేళ్లలో మా తలల మీద ఇంకో చెయ్యి పడలేదు. మాకు పని నేర్పిన మా మామగారి దగ్గర ఒకటే చట్టం: కుర్చీలో కూర్చున్న తలని సగంలో వదలకూడదు. ఒకసారి ఎదురింటికి నిప్పంటుకుంటే, బకెట్లు మా చేతికిచ్చి ఆయన మాత్రం తల పూర్తిచేసే బయటికొచ్చారు. కాలుతున్న ఇల్లు ఆ తలగలాయనదే. ఆయనా కదల్లేదు.

ఆ చట్టం తప్పింది నేను.

ఆ సాయంత్రం మా బామ్మర్ది ఒళ్లో కొత్త కెమెరా పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కుడివైపు పూర్తి చేసి ఎడమవైపుకి వస్తున్నాను.

"బావా, రేపట్నుంచి సెలవురోజు బయటికి పోదాం. ఊరు చూద్దాం, ఫోటోలు తీసుకుందాం."

"ఊరి తలలన్నీ చూస్తూనే ఉన్నాగా."

"తలలు కాదు, ఊరు! అక్క పోయాక ఈ గోడలు తప్ప నువ్వేం చూశావు? ఇంటికెళ్తే ఫ్యానుతో మాట్లాడతావు. నాకు వినపడుతుంది."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "నా ఇంట్లో ఉంటూ నాకే బుద్ధులు చెప్తున్నావట్రా?" అన్నాను.

వాడు అద్దంలోంచి నన్ను చూశాడు. "నీ ఇల్లా బావా అది?" అన్నాడు. కెమెరా అద్దం కింద అరలో పెట్టి లేచి నిలబడ్డాడు.

"కూర్చో. సగమే అయింది."

"వద్దులే."

"పోతే పో! ఆ మిగతా సగం ఎవడితో చేయించుకుంటావో చేయించుకో. మీ అక్క మీద ఒట్టు, ఇక నీ తలమీద నా కత్తెర పెట్టను."

వాడు మెడలో గుడ్డ విప్పి, బుద్ధిగా నాలుగు మడతలు వేసి, కుర్చీ చేతిమీద పెట్టి వెళ్లిపోయాడు. కెమెరా అద్దం కింద అరలో ఉండిపోయింది.

ఆ రాత్రి రాలేదు. ఆ వారం రాలేదు. ఫోను మోగలేదు. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్నాయన "పెద్దవాడేగా, అలకపోయాక వస్తాడు" అన్నాడు. గుర్తులేమిటని అడిగితే "సగం తల" అన్నాను. ఆయన పెన్ను ఆపి నన్ను పైనించి కిందికి చూశాడు.

రెండు నెలలు దాటాక నా పరిస్థితి చెప్పాలంటే, ఫ్యాను కూడా నాతో మాట్లాడ్డం మానేసింది. అన్నం రెండు పళ్లేల్లో పెట్టుకుని, రెండోది మళ్లీ గిన్నెలో వేసేవాణ్ణి. రోజూ గడ్డానికి వచ్చే రేడియో చూస్తూ ఊరుకోలేకపోయాడు. రేడియో అంటే రిటైరైన బస్సు డ్రైవరు. గడ్డం పెద్దగా పెరగదు, మాటలే పెరుగుతాయి.

"ఏమయ్యా, నీ జుట్టులో పిట్టలు గూడు పెట్టేలా ఉన్నాయి. ఇంకో సెలూన్‌కి పోయి కొట్టించుకోరాదూ?"

"నా తల చేసేవాడు ఊళ్లో లేడు."

"అయితే ఆ కెమెరా అన్నా తీసుకుని బయటికి నడు. వాడు పొమ్మన్న చోటికే పో. నాలుగు చోట్ల తిరిగితే ఎక్కడో ఒకచోట కనపడొచ్చు."

సెలవురోజు కెమెరా మెడలో వేసుకుని నది మీద వంతెనకి వెళ్లాను. ఎదురుగా నిలబడి మనుషుల ఫోటో తీయాలంటే సిగ్గేసింది. అందుకని వెనకనించి తీశాను. మెడలు, బట్టతలలు, జడలు. ఎవడో ఎంత దరిద్రంగా కత్తిరించాడో అని నవ్వుకుంటూ తీశాను. గాలి మొహానికి కొట్టింది. ఎన్నాళ్లకో గుండె మీదనించి ఎవరో బస్తా దింపినట్టయింది. ఆ రాత్రి ఫ్యాను వేసుకోకుండానే నిద్రపోయాను.

రెండో వారం రైల్వే స్టేషన్. మూడో వారం పార్కు. నాలుగో వారం కూరగాయల మార్కెట్. సెలవెప్పుడొస్తుందా అని స్కూలు పిల్లాడిలా ఎదురుచూడ్డం మొదలుపెట్టాను. స్కూలుకి నేనెప్పుడూ పోలేదనుకోండి, అయినా.

నాలుగు వారాల ఫోటోలూ ఒకేసారి ప్రింటు వేయించడానికి మూల మీది ఫోటో షాపులో ఇచ్చాను. అక్కడ పనిచేసే ఆవిడ వాటిని బల్లమీద పరిచి, ఒక్కోదాని మీదా వేలు పెట్టింది.

"అన్నా, ఈయనెవరు? అన్నిట్లోనూ ఉన్నాడు."

వంగి చూశాను. వంతెన ఫోటోలో దూరంగా, పెసరగింజంత తల. ప్లాట్‌ఫారం మీద కాస్త దగ్గరగా. పార్కులో ఇంకా దగ్గరగా. మార్కెట్లో నాకు పది అడుగుల్లో, అటు తిరిగి నిలబడి ఉన్నాడు. రెండు సుడులు. ఎడమ చెవి వెనక నా సంతకం.

"మా బామ్మర్ది చెల్లెమ్మా! బతికే ఉన్నాడు! నా వెనకే తిరుగుతున్నాడు దొంగవెధవ!"

"వెనక కాదన్నా, ముందు తిరుగుతున్నాడు" అంది ఆవిడ. "నీకప్పుడు కనపళ్లేదా?"

కనపళ్లేదు. మార్కెట్లో నేను ఆ ఫోటో తీసినప్పుడు అక్కడున్నది ఖాళీ తోపుడుబండి. ఫోటోలో బండి ఉంది, దాని ముందు వాడూ ఉన్నాడు. చూడకుండా నొక్కేశానేమో అనుకున్నాను. మనిషి సంతోషంగా ఉంటే ఏదైనా అనుకుంటాడు.

ఫోటోలు తెచ్చి అద్దం అంచుకి గుచ్చాను. రేడియో మొహానికి నురగ రాస్తూ ఉత్సాహంగా చూపించాను. ఆయన నురగలోంచే కళ్లు చికిలించాడు.

"ఏమయ్యా, మీవాడు వెళ్లి ఎన్నాళ్లయింది?"

"మూడు నెలలు."

"మరి కుడివైపు ఇంకా పెరగలేదే?"

నా చేతిలో బ్రష్షు ఆగింది. ఈ పనిలోనే తల నెరిసిన నేను ఆ ముక్క చూడలేదు, బస్సు నడిపినాయన చూశాడు. నెలకి అరంగుళం పెరుగుతుంది జుట్టు. రాజుకైనా అంతే, ఖైదీకైనా అంతే. మూడు నెలలకి కుడివైపు చెవిమీద పడాలి. కానీ నాలుగు ఫోటోల్లోనూ నేను ఆ సాయంత్రం ఎక్కడ ఆపానో ఆ గీత అక్కడే ఉంది. కత్తెర ఇప్పుడే తీసినంత పదునుగా.

"బతికున్నోళ్లకి పెరుగుతుంది కదయ్యా" అన్నాడు రేడియో. రేడియో ఆగిపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

తర్వాతి సెలవుకి ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నం మా వీధి చివర నిలబడి సెలూన్ వైపు ఒక్క ఫోటో తీసి, పరుగున పట్టుకెళ్లాను. ఫోటో షాపావిడ ప్రింటు తీసి చేతిలో పెట్టింది. మా షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. నుదురు షట్టరుకి ఆనించి, తెరుస్తారా లేదా అన్నట్టు.

వెనక్కి వచ్చి తాళం తీశాను. ఎండ ఎంత ఉందో, లోపల అంత చల్లగా ఉంది. షట్టరు సగం దించాను. మా అలవాటు అదే కదా. గుమ్మం దగ్గర నిలబడి రెండో కుర్చీకి ఫోటో తీశాను. తీసిన ఫోటో కెమెరా వెనక బుల్లి తెరమీద కనపడుతుందని ఫోటో షాపావిడ ఆ మధ్యాహ్నమే చెప్పింది, అందులో చూశాను.

కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎదురుగా అద్దం ఉంది కాబట్టి మొహం కనపడాలి. అద్దంలో ఖాళీ కుర్చీ, దాని వెనక కెమెరా పట్టుకున్న నేను. అంతే.

పారిపోవచ్చు. కాళ్లు ఆ ప్రయత్నం చేశాయి కూడా. కానీ ఇరవై రెండేళ్లు నా పక్కన నిలబడినవాడు సగం తలతో ఊరంతా తిరిగి, ఎవడి దగ్గరా కూర్చోకుండా మళ్లీ నా దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు నేను వెళ్లిపోతే వాడు ఇంకెక్కడికి పోవాలి?

"ఒట్టు తీసి గట్టుమీద పెట్టానురా" అన్నాను. "మీ అక్కకి నేను చెప్పుకుంటాలే."

ఆ తల నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. అందుకే కళ్లు మూసుకున్నాను. గుడ్డ దులిపి కప్పితే అది భుజాల మీద ఆగింది, కింద పడలేదు. ఎడమ చెవి దగ్గర వేలు పెట్టాను. మంచుగడ్డ ముట్టుకున్నట్టుంది. గాటు తగిలింది. కత్తెర ఆడించాను. తడి వెంట్రుక తెగే చప్పుడు వేరు, పొడి వెంట్రుక తెగే చప్పుడు వేరు. అది తడిది. నోరు ఊరుకోక మాట్లాడుతూనే ఉన్నాను: వంతెన బాగుందనీ, నువ్వు చెప్పింది నిజమేననీ, ఇల్లు మీ అక్కదనీ, మన ముగ్గురిదనీ. చివర్లో, మెడమీద బ్రష్షుతో దులుపుతుంటే, ఎప్పట్లాగే కితకితలకి భుజం ఒకటి పైకి లేచింది.

కళ్లు తెరిచేసరికి గుడ్డ కుర్చీ చేతిమీద నాలుగు మడతలు వేసి ఉంది. నేలమీద వెంట్రుకలు. వాటికి తెల్లటి రాతిబురద అంటుకుని ఉంది.

గంటలో స్టేషన్ నుంచి ఫోను. ఊరి బయట పాత రాతి క్వారీ గుంటలో నీళ్లు తోడుతుంటే ఒక మనిషి దొరికాడట. ఒంటరిగా గట్టెక్కి, కాలు జారినట్టున్నాడని వాళ్ల అంచనా; ఫోటోలకి మంచి చోటు చూసొద్దామని పోయుంటాడని నాది. రేడియోని తోడు తీసుకుని వెళ్లాను.

"మీరు సగం తల అని రాయించారు" అన్నాడు పోలీసాయన. "ఇతనిది కాదు. పూర్తి కటింగు. ఎవరో చాలా శ్రద్ధగా చేశారు. డాక్టరేమో చనిపోయి మూడు నెలలంటాడు. ఆ తల చూస్తే కత్తెర పడి మూడు గంటలు కూడా అయినట్టు లేదు. మీవాడు కాదేమో, ఒకసారి చూసి పొండి."

"చూడక్కర్లేదు. మావాడే" అన్నాను.

రేడియో నా చొక్కా మీద అంటుకున్న తడి వెంట్రుకలు చూశాడు. తన రుమాలు తీసి, ఎవరికీ కనపడకుండా దులిపాడు.

ఇదంతా జరిగి నెలన్నరయింది. ఇప్పుడూ సెలవురోజు కెమెరా వేసుకుని తిరుగుతూనే ఉన్నాను. ఫోటోల్లో వాడు లేడు. పోనీలే, పని పూర్తయింది అనుకున్నాను. కానీ ఒక సంగతి మర్చిపోయాను. మా అలవాటు ప్రకారం వాడి తల తర్వాత నా తల.

నెల కిందట సెలవురోజు భోజనం చేసి రెండో కుర్చీలో కునుకు తీశాను. లేచేసరికి మెడకి గుడ్డ కట్టి ఉంది. ఒళ్లో బెత్తెడు వెంట్రుకలు. చేత్తో తడుముకుంటే కుడివైపు కురచగా, ఎడమవైపు పొదలా. అరలో ఉండాల్సిన కెమెరా పక్క కుర్చీలో ఉంది. ఫోటో షాపుకి తీసుకెళ్తే ఆవిడ ఒకే ఒక్క ఫోటో ఇచ్చింది. నా తల, వెనకనించి. సరిగ్గా సగం.

"ఎవరు తీశారన్నా?" అంది.

"సగంలో వదిలేస్తే ఎలా ఉంటుందో చూపిస్తున్నాడు చెల్లెమ్మా. వాడికి ఎకసెక్కం ఎక్కువ" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

రేడియో ఇవాళ పొద్దున స్కేలు పట్టుకొచ్చాడు. నన్ను కూర్చోబెట్టి కుడివైపు కొలిచాడు. కిందటి వారం కొలిచిందీ, అంతకు ముందు వారం కొలిచిందీ కాగితం మీద రాసుకున్నాడు. మూడుసార్లూ ఒకటే లెక్క. గీత పదునుగా అలాగే ఉందట.

"ఏమయ్యా" అన్నాడు, గొంతు తగ్గించి. "ఇంకో సెలూన్‌కి నడు. నేను తీసుకెళ్తా. ఎడమవైపు కూడా ఇవాళే కొట్టించేద్దాం."

"వద్దండీ. వేరే చెయ్యి పడితే వాడికి కోపం."

"భయం లేదూ నీకు?"

"భయమెందుకు? వాడి చెయ్యి కొంచెం చల్లన, అంతే."

రేపు సెలవు. గుడ్డ ఉతికి ఆరేశాను. కత్తెరకి నూనె వేశాను. అద్దం కింద అరలో కెమెరాని రెండో కుర్చీ వైపు తిప్పి పెట్టాను.