ఎక్కని పెట్టె

తాళాల మామ మాట ఖర్చు పెట్టే మనిషి కాదు. విమానాశ్రయంలో వెనకబడిన పెట్టెలన్నీ అతని అరల్లోకే చేరేవి. తొంభై రోజులు చూసేవాడు. ఎవరూ రాకపోతే యంత్రంలో వేసి నలిపించేవాడు.

ఎనభై తొమ్మిదో రోజున ఒకావిడ రశీదు ముక్క పట్టుకుని వచ్చింది. ఆమె తమ్ముడు కళ్ళద్దాలు అరగదీసే పనివాడు. ఆరువందల పన్నెండు నంబరు విమానమెక్కాడు. అది సముద్రంలో పడింది. మనిషి దొరకలేదు. లోడింగువాళ్ళు ఎక్కించడం మరిచిన పెట్టె మాత్రం ఇక్కడే మిగిలింది.

కంప్యూటరు దగ్గరి అమ్మాయి రెండుసార్లు కొట్టి చూసింది. "మామా, ఆ నంబరే లేదంటోంది."

"ఉండదు. తీసేశారుగా."

"తీసేయడమేంటన్నా?" అంది ఆవిడ.

"పడ్డ విమానం నంబరు మళ్ళీ బోర్డు మీద కనపడితే జనం జడుస్తారమ్మా. టిక్కెట్టు కొనరు. పోయినవాళ్ళ ఇళ్ళలోవాళ్ళకీ చూడగానే అదంతా మళ్ళీ గుర్తొస్తుందని, పదో రోజునే మార్చారు. అదే టైము, అదే దారి. ఇప్పుడు ఆరొందల నలభై."

"మా కోసమా తీసింది? మమ్మల్నెవరూ అడగలేదే!"

మామ అరలోంచి పెట్టె దింపాడు.

ఈలోగా అమ్మాయి ఉపాయం కనిపెట్టింది. "నలభై అని కొడితే తీసుకుంటోంది మామా! పాము చావాలి, కర్ర విరక్కూడదు" అంటూ కాగితం అచ్చు తీసింది. దాని మీద సంతకం లేనిదే పెట్టె గేటు దాటదు.

ఆవిడ వేలు పెట్టి చదివింది. 'ప్రయాణికుడు పై సర్వీసులో క్షేమంగా చేరినాడు. సామాను వెనక మిగిలినది.'

"క్షేమంగా చేరాడా?"

"అది అచ్చులో ఉండే మాటేనమ్మా. అందరికీ అదే."

"చేరితే మరేడన్నా? మా అమ్మ ఇప్పటికీ తలుపు గడియ పెట్టనివ్వదు. ఈ కాగితం చూసిందంటే ఇంకేమైనా ఉందా?"

"రేపు నలిపేస్తారమ్మా."

"నలపనీ. అబద్ధానికి నేను సంతకం పెట్టను."

ఆమె గుమ్మం దాకా వెళ్ళిపోయింది. మామకు ఉద్యోగం ఇంకా ఎనిమిది నెలలుంది. పెట్టె వంక చూశాడు, ఆమె వీపు వంక చూశాడు. కలం తీసి నలభై కొట్టేసి పన్నెండు రాశాడు. క్షేమమన్న వాక్యం మీద అడ్డంగా గీత గీసి, ముద్ర గుద్దాడు.

"ఇలా రామ్మా. ఇప్పుడు పెట్టు. గేటువాడు ముద్రే చూస్తాడు, చదవడు."

"కొరివితో తల గోక్కుంటున్నావు మామా!" అంది అమ్మాయి.

"నా తలేలే" అన్నాడు.

ఆవిడ సంతకం పెట్టింది. పెట్టెకు చక్రాలున్నా దొర్లించలేదు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. లోపల అద్దాలు గలగలమన్నాయి.

వారం తిరక్కుండానే పైనుంచి ఉత్తరం వచ్చింది. అలాంటి సర్వీసు ఏదీ లేదు, లేని సర్వీసు సామాను ఎలా వదిలావు, మూడు రోజుల్లో జవాబివ్వు అని.

మామ ఆ పూటే రాసిచ్చాడు. "ఆ సర్వీసు ఉండేది. నూటనాలుగు మంది ఎక్కారు. ఈ పెట్టె ఎక్కలేదు."

జవాబు పైవాళ్ళకు నచ్చలేదు. మామను కార్లు ఆగే చోట తోపుడు బళ్ళు ఏరే పనికి మార్చారు. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆరువందల నలభై అతని నెత్తి మీదుగానే లేచేది. తలెత్తి చూసేవాడు కాదు. ఆ మోత సముద్రం వైపు పోయి పూర్తిగా అణిగేదాకా, బండి పట్టుకుని అలాగే నిలబడేవాడు.