దర్జీ భుజం, బల్ల కాళ్లు

దర్జీ దర్జాగా గడ్డం గీసుకుంటుంటే మెడలో గడ్డ తగిలింది. గడ్డానికీ గడ్డకీ సున్నాయే తేడా అని నవ్వేసి, దాని ఊసుకి సున్నా చుట్టాడు. నాలుక అంచున మానని పుండుకీ అదే మర్యాద. చివరికి భార్య రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళితే, పుండు క్యాన్సరనీ, మెడలోకి పాకిందనీ తేలింది.

"నాలుకలో కొంత, మెడలో గడ్డలన్నీ తీసేయాలి," అంది సర్జనమ్మ. "చుట్టూ కాస్త మంచి కండ కూడా పోతుంది."

"తెలుసమ్మా, చిల్లు వరకే కత్తిరిస్తే బట్ట మళ్లీ చిరుగుతుంది. కోసేదీ మీరే, కుట్టేదీ మీరే. ఇక నా కొట్టెందుకు?"

ఆవిడ నవ్వింది గానీ చెప్పాల్సింది ఆపలేదు. భుజాన్ని ఎత్తే నరం ఆ గడ్డల మధ్యనుంచే వెళుతుంది. జబ్బు అంటకపోతే ఉంచుతారు. అంటితే కోస్తారు. అప్పుడు కుడి చెయ్యి పైకి లేవదు.

దర్జీ మొహం మాడింది. నడుం వంచడం ఇష్టంలేక కత్తిరింపు బల్లని ఛాతీ ఎత్తున చేయించుకున్న మనిషి.

"నరం వదిలేసి మిగతావి తీయండమ్మా."

"జబ్బు దాన్ని పట్టుకుంటే నేను వదలను."

"మెడంటూ ఉంటేనే కదండీ టేపు వేలాడేది!" అంది భార్య. దర్జీ తలూపాడు.

ఆపరేషన్లో చూస్తే నరానికి జబ్బు అంటుకునే ఉంది. కోసేశారు.

కుట్లు మానాక పాత చొక్కా తొడిగితే కుడి భుజం జారిపోయింది. ఎవరికైనా ఒక భుజం కొలిచి రెట్టింపు వేసుకోవడం దర్జీ అలవాటు. ఈసారి భార్య రెండు వైపులా టేపు పెట్టింది. కొలతలు కలవలేదు.

కొట్లో కత్తెర ఎత్తబోయాడు. సగం దూరంలోనే చెయ్యి ఆగింది. కత్తెర దబ్బున పడింది.

"పైకి రావట్లేదే," అన్నాడు ముద్దమాటగా.

"మీ చెయ్యి పైకి రాకపోతే బల్ల కిందికి రాదా?" అంది భార్య.

వడ్రంగిని పిలిచారు. దర్జీ చేతిని సుఖంగా వేలాడేసి, అందిన ఎత్తు చూసుకుని, బల్ల కాలు మీద సుద్దతో గీత పెట్టాడు.

"మిగతా మూడూ ఇదే లెక్కన కోసేయనా బాబాయ్?"

"వద్దురా. నాలుగూ విడిగా కొలువు."

రంపపు పొట్టు ఊడ్చాక భార్య, కత్తిరించి చూడమని బల్లమీద పాత దుప్పటి పరిచింది. కత్తెర నోరు తెరిచింది, మూసింది. ముక్క కొంచెం వంకరగా తెగింది.

"తెగింది," అన్నాడు దర్జీ.